మా ‘మనం’ ఎందుకు తప్పు?

“మనం రంజాన్ పండక్కి షీర్‌ఖుర్మా చేసుకుంటాం” అని ఉర్దూ ఇంటి పిల్ల తెలుగు వ్యాసంలో రాసిందనుకోండి. సారు ‘మనం’ కొట్టేసి పైన ఎర్రసిరాతో ‘మేము’ అని రాస్తారు. అంతే. ఎందుకో చెప్పరు. వ్యాకరణం లెక్కన సారు చేసింది ఒప్పే. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. కానీ ‘మనం’లో మీరు లేరు అన్న మాటే ఆ పిల్లకి ఆ ఎర్రగీతలో కనిపిస్తుంది.

సార్లను అడగండి. “దిద్దకపోతే భాష ఎట్లా వస్తుంది? మతం చూసి దిద్దుతామా?” అంటారు. అరవై నోటుపుస్తకాలు ముందేసుకుని కూర్చున్న మనిషి కష్టం నేను కాదనను. పిల్లల్నీ అడగండి. దిద్దొద్దని వాళ్లూ అనరు. ఎందుకు తప్పో చెప్పమంటారు, నలుగురిలో చదివి నవ్వించొద్దంటారు. ఇందులో గొంతెమ్మ కోరిక ఏముంది?

ఉర్దూ పుస్తకంలో రెండింటికీ ‘హమ్’ ఒక్కటే. కానీ మా ఇళ్లలో మాట్లాడే దక్కనీలో ‘అపన్’ ఉంది. అపన్ అంటే మనం, హమే అంటే మేము. ఈ ముక్క తెలిస్తే తెలుగు సారు పాఠం ఒక్క నిమిషంలో అయిపోను. ఆయనకి తెలీదు. తెలిసిన ఉర్దూ ఉస్తాద్ ఏం చేస్తున్నాడు? ‘అపన్’ బజారు మాటని ముందే కొట్టేశాడు. ‘నక్కో’ అంటే వెక్కిరిస్తాడు. ‘లోగాఁ’, ‘బాతాఁ’ అంటే చెవులు మూసుకుంటాడు. ఢిల్లీ, లక్నోలే ఆయన కొలబద్ద. గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసింది దక్కనీలోనే అని మాత్రం పరీక్షకి బట్టీ పట్టిస్తాడు! ‘ఆతూఁ బోల్‌కే బోల్యా’ అంటే ‘వస్తానని చెప్పాడు’. ఈ ‘బోల్‌కే’ తెలుగు ‘అని’ పక్కన కూర్చుని మా దక్కనీ నేర్చుకున్నది. వందల ఏళ్ల ఇరుగుపొరుగు గుర్తు అది. దాన్ని ఇటు సారూ అటు ఉస్తాదూ చెరో వైపు నుంచి చెరిపేస్తున్నారు.

ఇంకో రకం దిద్దుబాటుంది. ‘అమ్మీ’ని ‘అమ్మ’ చేస్తారు, ‘సాలన్’ని ‘కూర’, ‘దువా’ని ‘ప్రార్థన’. ఇక్కడ తప్పెక్కడుంది? ఉర్దూ మాట తెలుగులో ఇమడదంటారా? పొద్దున్నే పిలిచే హాజరు, కూర్చునే కుర్చీ, దిద్దే కాగితం, అడిగే జవాబు ఎక్కణ్ణుంచి వచ్చినయ్ సారూ?

ఈ దెబ్బ తెలంగాణ, సీమ, ఉత్తరాంధ్ర పిల్లలకూ తెలుసు. దళిత పిల్లలకి మరీ బాగా తెలుసు. కాకపోతే వాళ్లతో ‘నీ తెలుగు బాగోలేదు’ అంటారు, మాతో ‘మీకు తెలుగు రాదు’ అంటారు. ఇంట్లో తెలుగు తప్ప మరో భాష ఎరగని దూదేకుల పిల్లాణ్ణి కూడా “సాయిబుల పిల్లోడివైనా తెలుగు భలే రాశావే” అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు ఎర్రగీత కన్నా లోతుగా దిగుతుంది.

తెలంగాణలో 2018 చట్టం బడులన్నిట్లో తెలుగును తప్పనిసరి చేసింది. చెయ్యనీ. తెలుగు మాకు పరాయిది కాదు. ఉర్దూ మీడియం పిల్లలకి తెలుగు చెప్పే సారుకి నాలుగు ముక్కల దక్కనీ తప్పనిసరి చెయ్యమని ఎవరు అడగాలి?

అప్పటిదాకా పిల్లలు వాళ్ల తోవ వాళ్లు చూసుకుంటారు. షీర్‌ఖుర్మా మానేసి, ‘మా ఊరి జాతర’ వ్యాసం గైడులోంచి దించుతారు. ఒక్క ఎర్రగీత పడదు. పదికి ఎనిమిది మార్కులు.