షట్‌డౌన్ చేశాం కదా అనుకోవద్దు!

ర్యామ్ మార్చాలి. కంప్యూటర్ షట్‌డౌన్ చేశారు. తెర నల్లబడింది. ఇక క్యాబినెట్ విప్పేయొచ్చా? మూత తీసి చూడండి... చాలా మదర్‌బోర్డుల మీద ఓ బుల్లి లైటు ఇంకా వెలుగుతూనే ఉంటుంది! ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ ఎస్ఎంపీఎస్ (అదే, పవర్ సప్లై డబ్బా) బోర్డుకి 5 వోల్టులు పంపుతూనే ఉంటుంది మరి. ఆ 5 వోల్టులు మనిషిని ఏమీ చేయవు. కానీ స్క్రూ జారి బోర్డు మీద పడిందంటే వేల రూపాయల సరుకు పోవచ్చు.

యూపీఎస్ ఉన్న ఇంట్లో గోడ స్విచ్ ఆపినా లాభం లేదు. అది బ్యాటరీతో 230 వోల్టులూ ఇస్తూనే ఉంటుంది. అందుకే క్యాబినెట్ వెనక గుచ్చిన వైరునే పీకేయాలి. ఆ తర్వాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన ఛార్జీ చాలావరకు పోతుంది.

చాలావరకే... మొత్తం కాదు! ఎస్ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా డీసీ నిల్వ ఉంటుంది. వైరు పీకాక కూడా అది కొంతసేపు ఉండిపోవచ్చు. ఫ్యాన్‌కి దుమ్ము పట్టిందని ఆ డబ్బా విప్పేవాళ్లు లేకపోలేదు. ప్రాణం మీదికి తెచ్చుకోవడమే అది. దుమ్మయితే బయటినుంచే బ్లోయర్‌తో ఊదండి. పాడైతే కొత్తది వేయించండి.

క్యాబినెట్‌ను ముట్టుకుంటే జివ్వుమంటోందా? టెస్టర్ పెడితే వెలుగుతోందా? 'చెప్పులేసుకుంటే సరి' అని సర్దుకుపోతారు చాలామంది. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ నుంచి కాస్త కరెంటు ఇనుప బాడీకి రావడం మామూలే. అది ఎర్త్ వైరు గుండా పోవాలి. ఎర్తింగ్ లేకపోతేనో, మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ తగిలిస్తేనో బాడీ మీదే ఉండిపోతుంది. ఇవాళ జివ్వుమన్నదే, రేపు లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే 230 వోల్టులై కూర్చుంటుంది. కంప్యూటర్ మెకానిక్‌ను కాదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిన సంగతిది.

ఇక స్టాటిక్ కరెంటు. ఒంట్లో సుమారు 3,000 వోల్టులు పోగైతేగానీ మనకు చురుక్కుమనదు. చిప్‌లు చెడిపోవడానికి అందులో కొంత చాలు. దీనికోసమే ప్లగ్గు తీయకుండా పనిచేయమని కొందరు పాతకాపులు చెబుతుంటారు, ఎర్త్ తగిలి ఉంటుందని. ఎర్తింగ్ ఉందో లేదో తెలియని ఇళ్లలో అది కొరివితో తల గోక్కోవడమే! వైరు తీసేసి, చిప్‌లను పట్టుకునే ముందు రంగు లేని ఇనుప భాగాన్ని ఓసారి తాకితే చాలు. మణికట్టు పట్టీ వాడేట్టయితే కొన్నదే వాడండి. అందులో షాక్ కొట్టకుండా ఆపే రెసిస్టర్ ఉంటుంది. చేతికి ఉత్త రాగి తీగ చుట్టుకుంటే అది ఉండదు.