భయం పట్టినప్పుడు ఎవరి గడప తొక్కుతున్నాం?



ముందు నా తప్పు ఒప్పుకుంటా. రెండేళ్ల కింద మిరప తోట కాపు మీదుండగా నా బోరు ఎండిపోయింది. అంతా అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడే. ఆదివారం మందిరంలో ముందు కూర్చునే నేను, చీకటి పడ్డాక తలకు తువ్వాలు చుట్టుకుని పోయి, అరచేతిలో కొబ్బరికాయ పెట్టి నీళ్లు చూసేాయన్ని పిలుచుకొచ్చా. కాయ లేచి నిలబడింది. అక్కడే బోరు వేయించా. దుమ్ము తప్ప ఏం రాలేదు.

తర్వాత 1 సమూయేలు 28వ అధ్యాయం చదువుతుంటే సిగ్గేసింది. సోదె చెప్పేవాళ్లను దేశంలోంచి వెళ్లగొట్టింది సౌలు రాజే. ఫిలిష్తీయుల దండును చూసి గుండె జారేసరికి మారువేషం వేసుకుని రాత్రిపూట ఏన్దోరులో సోదె చెప్పే ఆమె ఇంటికి తనే పోయాడు. రేపు నువ్వూ నీ కొడుకులూ చస్తారన్న మాట విని నేలమీద పడిపోయాడు.

ముందు దేవుణ్నే అడిగాడు కదా, జవాబు రాలేదు కదా అంటారు. నిజమే. కానీ ఏళ్ల తరబడి చెప్పిన మాట వినకుండా, పీకల మీదికొచ్చాక అడిగాడు.

దావీదు సంగతి 30వ అధ్యాయంలో చూడండి. సిక్లగు తగలబడింది, పెళ్లాం బిడ్డల్ని పట్టుకుపోయారు, సొంత మనుషులే రాళ్లతో కొడదామన్నారు. ఇక ఏడ్చే ఓపిక లేనంతగా ఏడ్చాడు. అయినా యాజకుణ్ని పిలిచి దేవుణ్నే అడిగాడు. వెంటపడు అని జవాబు రాగానే లేచి కదిలాడు, అందర్నీ విడిపించుకొచ్చాడు.

మనోళ్లనూ అంటా. ఈ నూనె చల్లితే దిగుబడి పెరుగుద్దని యేసు పేరుతో సీసాలు అమ్మితే అదీ ఏన్దోరే.

ప్రార్థన చేసి ఊరుకోమని కాదు నేను చెప్పేది. మోకాళ్లూనండి, లేచి తెలిసినోళ్లను అడగండి. బోరుకు భూగర్భ జల శాఖ ఉంది. తెగులుకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ఉంది. అప్పుల దిగులుతో చావు ఆలోచన వస్తే టెలి మానస్ 14416కి చెయ్యండి, ఇంట్లో వాళ్లకు చెప్పండి. చాటుగా పోవాల్సిన చోటికి మాత్రం పోవద్దు.

ఒకటి మాత్రం ఏన్దోరు ఆమె దగ్గర నేర్చుకోవాలి. పగలూ రాత్రీ తిండి లేకుండా పడున్న సౌలుకు బతిమాలి అన్నం పెట్టింది. మీ పక్క చేను రైతు నాలుగు రోజులుగా ముభావంగా ఉంటే, ఈ రాత్రి వాళ్లింటికి పోయి కాసేపు కూర్చోండి.