లిబ్రే ఆఫీస్‌లో మెయిల్ యాప్ కూడా పెట్టాలా..? 'అన్నీ ఒకే ప్యాకేజీ' డిమాండ్‌లో లాభమెంత, నష్టమెంత?

ఆఫీస్ సాఫ్ట్‌వేర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి నాలుగు. లెటర్లకు వర్డ్, లెక్కలకు ఎక్సెల్, ప్రజెంటేషన్లకు పవర్‌పాయింట్, మెయిల్స్‌కు అవుట్‌లుక్. పైసా ఖర్చు లేకుండా ఇవే పనులు చేసుకోవాలంటే ముందుగా వినిపించే పేరు లిబ్రే ఆఫీస్. ఇది ఓపెన్ సోర్స్.. అంటే ఉచితం మాత్రమే కాదు, దాని కోడ్‌ని ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అయితే ఇందులో మొదటి మూడు పనులకే యాప్స్ ఉన్నాయి. మెయిల్ లేదు, క్యాలెండర్ లేదు. అవి కావాలంటే థండర్‌బర్డ్ లాంటి యాప్‌ని విడిగా వేసుకోవాల్సిందే.

మరి వాటిని కూడా కలిపి ఒకే ప్యాకేజీగా ఎందుకు ఇవ్వరు? పైకి చాలా సింపుల్‌గా కనిపించే ప్రశ్నే. కానీ జవాబు అంత ఈజీ కాదు.

కలపాలనేవాళ్లు ఏమంటున్నారు?

ఈ వాదనలో బలం లేకపోలేదు. కొత్తగా కంప్యూటర్ కొన్న చిన్న షాపు యజమానికో, ట్యూషన్ సెంటర్ నడిపే టీచర్‌కో కావాల్సింది పని జరగడం. ఏ యాప్ మంచిది, ఏ సైట్ అసలుది, ఏది నకిలీది అని వెతికే టైమ్ వాళ్లకు ఉండదు. ఒక్క ఇన్‌స్టాలర్‌తో అన్నీ వచ్చేస్తే ఆ తలనొప్పి తప్పుతుంది. పైగా మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌కు అలవాటుపడ్డవాళ్లు 'ఇందులో మెయిల్ ఏదీ?' అని అడుగుతారు. లేదని తెలిస్తే మళ్లీ పాతదానికే వెళ్లిపోయే ఛాన్స్ ఉంది.

లైసెన్స్ పరంగా కూడా అడ్డంకి లేదు. లిబ్రే ఆఫీస్, థండర్‌బర్డ్ రెండూ మొజిల్లా పబ్లిక్ లైసెన్స్ కిందే వస్తున్నాయి. మరి సమస్య ఎక్కడ?

ఒకసారి చేసి చూసిన ప్రయోగమే!

అసలు విషయం ఏంటంటే.. లిబ్రే ఆఫీస్ చరిత్రలో ఈ ప్రయోగం ఎప్పుడో జరిగిపోయింది. జర్మనీకి చెందిన స్టార్ డివిజన్ అనే కంపెనీ తయారుచేసిన స్టార్ ఆఫీస్ దీనికి తాత లాంటిది. అందులో డాక్యుమెంట్లు, లెక్కలతో పాటు మెయిల్, క్యాలెండర్, చివరికి వెబ్ బ్రౌజర్ కూడా ఉండేవి. ఓపెన్ చేస్తే స్క్రీన్ మొత్తాన్ని ఆక్రమించే సొంత డెస్క్‌టాప్ వచ్చేది. చిన్న లెటర్ టైప్ చేయాలన్నా ఆ బరువంతా కంప్యూటర్ మోయాల్సి వచ్చేది.

1999లో సన్ మైక్రోసిస్టమ్స్ ఈ కంపెనీని కొనేసింది. 2000లో కోడ్‌ని ఓపెన్ సోర్స్ చేసింది. 2002 మే నెలలో ఓపెన్ ఆఫీస్ 1.0 వచ్చేసరికి మెయిల్, క్యాలెండర్, బ్రౌజర్, ఆ డెస్క్‌టాప్.. ఇవేవీ అందులో లేవు. డాక్యుమెంట్ల పని మాత్రమే మిగిలింది. అలా బరువు తగ్గించుకున్న ప్యాకేజీయే ప్రపంచమంతా పాకింది. 2010లో సన్ కంపెనీ ఒరాకిల్ చేతికి వెళ్లాక, అదే ఏడాది సెప్టెంబర్‌లో కొందరు డెవలపర్లు బయటికొచ్చి డాక్యుమెంట్ ఫౌండేషన్‌ని ప్రకటించారు. లిబ్రే ఆఫీస్ పుట్టింది అక్కడే.

విడిపోయాకే దశ తిరిగింది

ఇలాంటి కథే మొజిల్లాది కూడా. ఒకప్పుడు మొజిల్లా సూట్‌లో బ్రౌజర్, మెయిల్, అడ్రస్ బుక్, వెబ్ పేజీలు తయారుచేసే టూల్ అన్నీ ఒకే యాప్‌లో ఉండేవి. 2004 నవంబర్‌లో బ్రౌజర్‌ని విడదీసి ఫైర్‌ఫాక్స్ 1.0గా, డిసెంబర్‌లో మెయిల్‌ని థండర్‌బర్డ్ 1.0గా ఇచ్చారు. ఆ తర్వాత ఫైర్‌ఫాక్స్ ఏ స్థాయికి వెళ్లిందో తెలిసిందే. పాత సూట్‌ని సీమంకీ పేరుతో వాలంటీర్లు నడిపిస్తున్నా, దాని పేరు తెలిసినవాళ్లు తక్కువే.

డిజిటల్ పెయింటింగ్ చేసేవాళ్లకు బాగా తెలిసిన క్రిటా కూడా మొదట కే ఆఫీస్, తర్వాత కలిగ్రా అనే ఓపెన్ సోర్స్ ఆఫీస్ ప్యాకేజీలో ఒక భాగం. 2016లో 3.0 వెర్షన్‌తో విడిగా వచ్చేసింది. ఇప్పుడు కలిగ్రా పేరు వినని ఆర్టిస్టులు కూడా క్రిటాని వాడుతున్నారు.

కలిపితే పని ఎవరి మీద పడుతుంది?

యాప్‌ని ప్యాకేజీలో పెట్టడం ఒక్కరోజు పని. దాన్ని ఏళ్ల తరబడి చూసుకోవడమే అసలు పని. ముఖ్యంగా మెయిల్ యాప్‌తో రిస్క్ ఎక్కువ. ముక్కూముఖం తెలియనివాళ్లు పంపే మెయిల్స్‌ని అదే ఓపెన్ చేస్తుంది కాబట్టి, భద్రతా లోపం బయటపడితే వెంటనే అప్‌డేట్ రావాలి. లిబ్రే ఆఫీస్ పెద్ద వెర్షన్లు ఏడాదికి రెండుసార్లు వస్తాయి. థండర్‌బర్డ్ షెడ్యూల్ వేరు, టీమ్ వేరు. రెండింటినీ ఒకే మూటలో కట్టేస్తే.. మెయిల్‌లో లోపం వచ్చిన ప్రతిసారీ మొత్తం ప్యాకేజీని మళ్లీ విడుదల చేయాలి. లేదంటే యూజర్ల దగ్గర పాత వెర్షనే ఉండిపోతుంది.

లిబ్రే ఆఫీస్ విండోస్ ఇన్‌స్టాలర్ ఇప్పటికే 300 ఎంబీ దాటింది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని డౌన్‌లోడ్ చేసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఉన్న యాప్‌ని చూసుకోవడమే ఎంత కష్టమో చెప్పడానికి 'బేస్' ఒక ఉదాహరణ. డేటాబేస్ పనుల కోసం 2005లో ఓపెన్ ఆఫీస్ 2.0తో వచ్చిన యాప్ ఇది. మామూలుగా ఇందులో కొత్త డేటాబేస్ తయారుచేయాలంటే ఇప్పటికీ జావా ఉండాలి. విండోస్ ప్యాకేజీలో జావా కలిపి రాదు. జావా అవసరం లేని ఫైర్‌బర్డ్‌ని తీసుకొచ్చే పని ఏళ్ల కిందటే మొదలైనా పూర్తికాలేదు. ఉన్న ఆరు యాప్స్‌లో ఒకదాని పరిస్థితే ఇలా ఉంటే, ఏడోది, ఎనిమిదోది పెడితే చూసుకునేదెవరు?

'కలిపి ఇవ్వడం' అంటేనే డౌట్ ఎందుకు?

మరో కోణం నమ్మకం. జావా ఇన్‌స్టాల్ చేస్తుంటే అడగకుండానే టిక్ పెట్టి ఉన్న ఆస్క్ టూల్‌బార్ బ్రౌజర్‌లోకి వచ్చి కూర్చున్న రోజులు చాలామందికి గుర్తే. 2015లో సోర్స్‌ఫోర్జ్ సైట్‌లో గింప్ ఫొటో ఎడిటర్ విండోస్ ఇన్‌స్టాలర్‌కు వేరే ప్రకటనల సాఫ్ట్‌వేర్‌ని తగిలించడం పెద్ద వివాదమైంది. 'అడగనిది వచ్చింది' అనే అనుమానం ఒక్కసారి వస్తే ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే నమ్మకం పోతుంది.

పెద్ద కంపెనీలకూ ఈ సెగ తగిలింది. విండోస్‌లో మీడియా ప్లేయర్‌ని కలిపి ఇచ్చిన కేసులో 2004లో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆఫీస్‌తో టీమ్స్‌ని కలిపి ఇవ్వడంపై 2023లో మళ్లీ విచారణ మొదలుపెట్టింది. చివరికి టీమ్స్ లేకుండా తక్కువ ధరకు ప్యాకేజీలు ఇస్తామన్న కంపెనీ హామీలకు 2025 సెప్టెంబర్‌లో ఓకే చెప్పింది. మార్కెట్‌ని శాసించే కంపెనీకి వర్తించే రూల్ వాలంటీర్ల ప్రాజెక్టుకు వర్తించదు, నిజమే. కానీ యూజర్ కోణంలో పాయింట్ ఒక్కటే.. ఏది కావాలో ఎంచుకునే చాయిస్ తనకే ఉండాలి.

మరి మూట కట్టాల్సింది ఎవరు?

కలిపి ఇవ్వడమే తప్పా అంటే, కాదు. ఎవరు కలుపుతున్నారన్నదే ముఖ్యం. ఉబుంటు లాంటి లినక్స్‌లు లిబ్రే ఆఫీస్‌ని, థండర్‌బర్డ్‌ని ఏళ్లపాటు కలిపే ఇచ్చాయి. అక్కడ ప్రతి యాప్ విడిగా అప్‌డేట్ అవుతుంది కాబట్టి ఇబ్బంది రాలేదు. 2023లో వచ్చిన 23.10 వెర్షన్ నుంచి ఉబుంటు కూడా మామూలు ఇన్‌స్టలేషన్‌ని చిన్నది చేసి, అన్నీ కావాలనేవాళ్లకు వేరే ఆప్షన్ ఇచ్చింది.

జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం దీనికి పెద్ద ఉదాహరణ. 30 వేల ప్రభుత్వ కంప్యూటర్లను లిబ్రే ఆఫీస్‌కు మారుస్తామని 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. మెయిల్ కోసం థండర్‌బర్డ్‌ని, సర్వర్ కోసం ఓపెన్ ఎక్స్‌చేంజ్‌ని విడిగా ఎంచుకుంది. 40 వేలకు పైగా మెయిల్ బాక్సుల మార్పు 2025 అక్టోబర్‌కు పూర్తయింది. ఎవరికి ఏం కావాలో అక్కడి ఐటీ విభాగం తేల్చుకుని, తనే ప్యాకేజీ కట్టుకుంది.

తెలుగువాళ్లకూ ఇది కొత్తేం కాదు. 2005 ప్రాంతంలో సీ-డ్యాక్ ద్వారా కేంద్రం పంచిన తెలుగు సాఫ్ట్‌వేర్ సీడీలో ఫాంట్లు, తెలుగు ఓపెన్ ఆఫీస్, బ్రౌజర్ లాంటివన్నీ ఒకేచోట ఇచ్చారు. తెలుగు యూజర్‌కు ఏం కావాలో చూసి కట్టిన మూట అది.

ఫైనల్‌గా తేలేదేంటి?

డాక్యుమెంట్ పనిలో భాగమైనదాన్ని లోపల పెట్టొచ్చు. ఓపెన్ ఆఫీస్ 2003లోనే పీడీఎఫ్‌గా సేవ్ చేసే ఆప్షన్ ఇచ్చింది, అది సూపర్ హిట్. మెయిల్, క్యాలెండర్ ఒకే చోట ఉండాల్సినవి కాబట్టి థండర్‌బర్డ్ 2015లో క్యాలెండర్‌ని తనలో కలుపుకుంది. అదీ సక్సెసే. కానీ పూర్తిగా వేరే పని చేసే యాప్‌కు గట్టి లింక్ ఇస్తే చాలు. లిబ్రే ఆఫీస్‌లో డాక్యుమెంట్‌ని నేరుగా మెయిల్‌కు పంపే ఆప్షన్ ఇప్పటికే ఉంది. జాబితా నుంచి పేర్లు తీసుకుని లెటర్లు తయారుచేసే వీలూ ఉంది. ఇన్‌స్టాల్ అయ్యాక 'మెయిల్ కావాలా? ఇది అసలు సైట్' అని చూపించే ఒక పేజీ పెడితే.. షాపు యజమాని, ట్యూషన్ టీచర్ల సమస్య చాలావరకు తీరుతుంది.

ఇక స్కూళ్లు, కాలేజీలు, ప్రభుత్వ ఆఫీసులు లైసెన్స్ ఫీజు రూపంలో మిగుల్చుకునే డబ్బులో కొంత తీసి, తమకు కావాల్సిన ప్యాకేజీని కట్టి అప్‌డేట్ చేసే ఒక మనిషిని పెట్టుకోవాలి. ఆ బాధ్యత కూడా ఉచితంగా పనిచేసే డెవలపర్ల మీదే వేస్తే, ఉన్న ఆరు యాప్స్ కూడా దెబ్బతింటాయి.