భుజానికి హాయి... చెవికి చేటు

కార్గిల్ యుద్ధం రోజుల్లో, అంటే 1999 వేసవిలో, టీవీ ముందు కూర్చున్న ప్రతి ఇంటికీ బోఫోర్స్ ఫిరంగి పరిచయమైపోయింది. కొండ మీదికి గుండు విసిరినప్పుడల్లా ఆ పొడవాటి గొట్టం వెనక్కి జారి మళ్లీ ముందుకొచ్చేది. గొట్టం కొసన మిరియాల డబ్బా మూతలా చిల్లులున్న ఓ దిమ్మ ఉండేది, గుర్తుందా? దాని పేరు మజిల్ బ్రేక్. తుపాకీ మూతికి వేసే బ్రేకన్నమాట. దానికి వేలెడంత తమ్ముడొకడున్నాడు. అమెరికాలో తుపాకుల దుకాణానికి వెళితే అద్దాల బీరువా నిండా వాడే!

మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ఉంది కాబట్టి ఈ బీరువాతో మనకు పనిలేదు. కానీ డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న మన పిల్లలను ఆఫీసు స్నేహితులు శనివారం పూట ‘షూటింగ్ రేంజ్‌కి వస్తావా’ అని పిలవడం మామూలే. అక్కడ పక్క బల్ల దగ్గర నిలుచున్న మనిషి తుపాకీ మూతికి ఏం తగిలించాడన్నది తెలిసి ఉండటం చాలా అవసరం. ఎందుకో చెప్పుకునే ముందు ఆ వస్తువు ఏం చేస్తుందో చూద్దాం.

అక్కడ బాగా అమ్ముడయ్యే ఏఆర్-15 రకం సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌నే తీసుకుందాం. సెమీ ఆటోమేటిక్ అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకే గుండు. తరువాతి తూటాను మాత్రం తుపాకీయే తనంతట తాను లోపలికి తెచ్చుకుంటుంది. ఇందులో వాడే మామూలు బుల్లెట్ బరువు మూడున్నర గ్రాముల పైచిలుకు. దాన్ని తోసే మందు ఒకటిన్నర గ్రాములు. బుల్లెట్ ముందుకెళితే తుపాకీ వెనక్కి తంతుంది. ఇది న్యూటన్ ఎప్పుడో చెప్పిన లెక్క. చాలామంది మరచిపోయేది మందు సంగతి. అది కాలి వాయువుగా మారి బుల్లెట్ కన్నా వేగంగా బయటికి దూకుతుంది. భుజానికి తగిలే తన్నులో ఇంచుమించు మూడో వంతు ఆ వాయువు వాటాయే.

మజిల్ బ్రేక్ పట్టుకునేది ఈ వాటానే. బుల్లెట్ తన దారిన తాను నేరుగా పోతుంది. వెనకే వచ్చే వాయువు బ్రేక్‌లోని గోడలకు కొట్టుకుని పక్క కంతల్లోంచి అటూ ఇటూ చిమ్ముతుంది. కంతలు కాస్త వెనక్కి వాలి ఉంటే వాయువు వెనక్కే పోతుంది. తెడ్డుతో నీటిని వెనక్కి నెడితే పడవ ముందుకు కదిలినట్టు, అప్పుడు తుపాకీ కూడా ముందుకు లాగబడుతుంది. తన్ను తగ్గుతుంది. పై భాగంలో కూడా చిల్లులుంటే మూతి పైకి ఎగరడం కూడా తగ్గుతుంది. ఏకేఎం రైఫిల్ మూతి ఏటవాలుగా కోసినట్టుంటుంది చూశారా, అది కూడా మూతిని పైకి లేవనీయకుండా పెట్టిన ఏర్పాటే.

దుకాణంలో ఒకే వరసలో కనబడే మరో రెండు వస్తువులతో దీన్ని కలిపేసుకుంటే డబ్బు దండగ. ఒకటి ఫ్లాష్ హైడర్. ఇది మంటను చెదరగొట్టి మెరుపు తగ్గిస్తుంది, తన్నును పెద్దగా తగ్గించదు. రెండోది సైలెన్సర్. చప్పుడు తగ్గించడం దాని పని.

సరే, కొనాలంటే ఏది? ముందు అడగాల్సిన ప్రశ్న ‘అసలు కావాలా’ అని. ఏఆర్-15 తన్నేదే తక్కువ. పైగా లోపల స్ప్రింగు కొంత మింగేస్తుంది. సెకన్లు లెక్కపెట్టి వరసగా గురిచూసే పోటీల్లో దిగేవాడికి రెండో గుండు త్వరగా పేల్చడానికి బ్రేక్ అక్కరకొస్తుంది. పెద్ద జింకల వేటకు వాడే మాగ్నమ్ తూటాల రైఫిళ్లకైతే నిజంగా మేలు, ఎందుకంటే వాటిలో మందు ఎక్కువ. నెలకోసారి రేంజ్‌కి వెళ్లి 50 తూటాలు కాల్చేవాడికి అది అలంకారం, అంతే. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చాడు. ఆ తుపాకీకి తన్నే ఉండదనుకోండి. అసలు అంతర్జాతీయ రైఫిల్ పోటీల నిబంధనల్లోనే మజిల్ బ్రేక్ నిషిద్ధం.

బిగించడం చూడ్డానికి బల్బు తిప్పినంత సులువుగా ఉంటుంది. కాదు. ఏఆర్-15 గొట్టం కొసన సాధారణంగా అర అంగుళం వ్యాసంలో అంగుళానికి 28 చుట్ల మర ఉంటుంది. .308 రకానికి సాధారణంగా 5/8 అంగుళం, 24 చుట్లు. ఏకే కుటుంబంలో చాలావాటికి మర ఎడమ వైపు తిరుగుతుంది. బ్రేక్ మధ్య రంధ్రం బుల్లెట్ కన్నా కాస్త పెద్దదై తీరాలి. పెద్ద బుల్లెట్ కోసం చేసిన బ్రేక్‌ను చిన్న తుపాకీకి తగిలిస్తే కొంచెం పనితనం తగ్గుతుంది. తిరగేసి చేస్తే మాత్రం బుల్లెట్ వెళ్లి ఇనుముకు కొట్టుకుంటుంది. మర వంకరగా కోసి ఉన్నా ఇదే ప్రమాదం. అందుకే గన్‌స్మిత్ దగ్గర గొట్టంలోంచి తిన్నని కడ్డీ దూర్చి, అది బ్రేక్ రంధ్రానికి నట్టనడుమ వస్తోందో లేదో చూస్తారు.

బిగింపులో అసలు చిక్కు దిశ దగ్గర వస్తుంది. చాలా బ్రేకులకు అడుగు భాగం మూసి ఉంటుంది. పడుకుని కాల్చేటప్పుడు దుమ్ము రేగి కళ్లలో పడకూడదని ఆ ఏర్పాటు. మర ఎక్కడ బిగుసుకుంటే అక్కడ వదిలేస్తే ఆ మూసిన వైపు ఆకాశం చూడొచ్చు. అలా కాకుండా నలిగే వాషర్ ఒకటి మధ్యలో వేసి, తుపాకీని కదలకుండా పట్టే దిమ్మలో బిగించి, పానాతో కొద్దికొద్దిగా తిప్పి కంతలను సరిగ్గా పక్కలకు తెస్తారు. ఒకసారి నలిగిన వాషర్ మళ్లీ పనికిరాదు. తుపాకీలో తూటా లేదని రెండుసార్లు చూశాకే ఇదంతా అని వేరే చెప్పాలా! బ్రేక్ పెట్టినా తీసినా గుండు తగిలే చోటు మారొచ్చు కాబట్టి గురి మళ్లీ సరిచూసుకోవాలి.

చట్టం సంగతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 1994లో దేశమంతటికీ తెచ్చిన నిషేధం ఫ్లాష్ హైడర్‌ను తప్పు పట్టింది గానీ బ్రేక్‌ను కాదు. ఆ చట్టం 2004లో గడువు తీరి పోయింది. న్యూయార్క్ 2013లో తన చట్టంలో బ్రేక్‌ను కూడా చేర్చింది. అయితే ఇంగ్లీషులో ఆపే బ్రేకుకు, విరిగే బ్రేకుకు పలకడం ఒకటే, రాయడం వేరు కదా. చట్టంలో విరిగేది పడింది! ఆ ఏడాది చివర్లోనే ఓ జడ్జి ఈ మాటకు అర్థం లేదని కొట్టేశారు. 2015లో పైకోర్టు, అది ఏమిటో ఎవరికైనా తెలుస్తుందంటూ నిలబెట్టింది.

ఇక చెవుల సంగతి. బ్రేక్ వాయువును మాయం చేయదు, దారి మళ్లిస్తుంది. ఎటువైపు? కాల్చేవాడి వైపు, పక్కవాడి వైపు. మన దీపావళి బాంబు పేలుడు 4 మీటర్ల దూరంలో 145 డెసిబెళ్ల పీక్ దాటకూడదని నిబంధన. రైఫిల్ మోత బ్రేక్ లేకుండానే 160 దాటుతుంది. ప్రతి 20 డెసిబెళ్లకూ గాలి ఒత్తిడి పదింతలవుతుంది. బ్రేక్ దాని మీద మరికొన్ని డెసిబెళ్లు చేరుస్తుంది. 140 దాటితే ఒక్క పేలుడు చాలు, లోపలి చెవిలోని సున్నితమైన రోమకణాలు దెబ్బతినడానికి. అవి మళ్లీ మొలవవు. మిగిలేది చెవిలో ఆగని హోరు. వేటలో పక్కన నడిచే గైడ్లలో చాలామందికి బ్రేక్ పేరెత్తితేనే మంట. కాల్చేది ఒకరు, వినికిడి పోయేది ఇంకొకరిది మరి.

మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్ ఏళ్ల తరబడి తన తుపాకుల మోత వినీ వినీ చెవిటివాడైపోయాడు. ఆయన కొడుకే 1909లో సైలెన్సర్‌కు పేటెంట్ పొందిన హైరమ్ పెర్సీ మాక్సిమ్. 1934లో అమెరికా ఆ సైలెన్సర్ మీద 200 డాలర్ల పన్ను, రిజిస్ట్రేషన్ పెట్టింది. పన్ను 2026 జనవరి నుంచి సున్నా అయింది గానీ రిజిస్ట్రేషన్ ఉండనే ఉంది. మోత పెంచే బ్రేక్‌కు అప్పుడూ ఇప్పుడూ ఆ చట్టం కింద ఏ కాగితమూ అక్కర్లేదు.

రేంజ్‌కి వెళ్లే పిల్లలకు చెప్పాల్సింది ఇదీ: చెవిలో దూది పెట్టుకుంటే ఒరిగేదేమీ లేదు. మెత్తటి నురగ ప్లగ్గును వేళ్లతో సన్నగా నలిపి, చెవి దొప్పను పైకి లాగి లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. దాని మీద ఇయర్ మఫ్‌లు కూడా పెట్టుకోవాలి. కళ్లజోడు కాడ వల్ల మఫ్ కింద సందు పడుతుంది, చూసుకోవాలి. చంటిపిల్లలను అసలు తీసుకెళ్లొద్దు. పక్క బల్ల దగ్గర మనిషి తుపాకీ మూతికి కంతల దిమ్మ కనబడితే మొహమాటపడకుండా నాలుగు బల్లల అవతల చోటు అడగాలి.