పిట్టగోడ కట్టని ఇల్లు



పోయిన మిరప కోతల కాలంలో గుంటూరు ఆసుపత్రి నుంచి తిరిగి వస్తుండగా మన సంఘం కారు ఆగాల్సిన చోట ఆగలేదు. రోడ్డు పక్క కల్లంలో తాలు కాయలు ఏరుతున్న తల్లులకు నాలుగడుగుల దూరంలో ఆగింది. సాతాను దాడి చేశాడనీ, ప్రభువు తప్పించాడనీ ఆ ఆదివారం మేము సాక్ష్యం చెప్పాం. మీరంతా స్తోత్రం అన్నారు. ఆ సాక్ష్యంలో సగమే నిజం. రెండో సగం ఈరోజు ఒప్పుకుంటున్నాం.

ప్రభువు తప్పించిన మాట నిజం. సాతానుకు మాత్రం అక్కడ పని లేదు, అతని పని మేమే చేశాం. అంతకు రెండు నెలల ముందు నుంచీ బ్రేకు తొక్కితే ముందు చక్రం కీచుమనేది. చాలా బ్రేకు ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప రేకు ఉంటుంది. ప్యాడు అరిగాక అది డిస్కుకు రాసుకుని అరుస్తుంది. అది హెచ్చరిక. మెకానిక్ తమ్ముడు కూడా చెప్పాడు. పంట అమ్ముడై కానుకలు వచ్చాక చూద్దామన్నాం. బ్రేకు ఆయిల్ మట్టం తగ్గితే పైన పోసి ఊరుకున్నాం. ప్యాడ్లు అరిగినా, ఎక్కడైనా కారుతున్నా ఆ మట్టం తగ్గుతుందని తర్వాత తెలిసింది. చివరికి చక్రం విప్పితే ఇనుము ఇనుమును కోస్తోంది. ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కుల దాకా వెళ్లింది.

ద్వితీయోపదేశకాండము 22:8 చదవండి. ఇల్లు కట్టినవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలి. కట్టకపోతే, ఎవరైనా పడి చనిపోయిన దోషం ఆ ఇంటి మీదే ఉంటుంది. అక్కడ దేవుడు ప్రార్థన చేసుకుంటే చాలు అనలేదు, గోడ కట్టమన్నాడు. ఈ కాలంలో బ్రేకు కూడా అలాంటి గోడే.

“దేవుడే కాపాడతాడు పాస్టరుగారూ” అని కొందరంటారు. దేవాలయ శిఖరం మీద నుంచి దూకు, దూతలు పట్టుకుంటారని ప్రభువుతో అన్నది ఎవరో జ్ఞాపకం చేసుకోండి. ఆ మాటను విశ్వాసమని ప్రభువు ఒప్పుకోలేదు, దేవుణ్ణి శోధించడమన్నాడు.

కాబట్టి నెలకొకసారి చూసుకుందాం. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే కారు నడపడానికి చట్టం ఒప్పుకోదు. గాడిలోని చిన్న గుబ్బలు టైరు పైభాగంతో సమానమయ్యాయంటే ఆ గడువు వచ్చినట్టే. మన నల్లరేగడి దుమ్ము, పత్తి నూగు ఎయిర్ ఫిల్టరును మూసేస్తాయి. బండి లాగకపోతే ముందు అది విప్పి చూడండి. స్టార్టు కాకపోతే వెంటనే కొత్త బ్యాటరీ కొనకండి. టెర్మినళ్లు వదులయ్యాయా, తెల్లపొడి పట్టిందా చూడండి. ఇంజిను నడుస్తుండగా మీటరు సుమారు 14 వోల్టులు చూపాలి. 12 దగ్గరే ఉంటే ఆల్టర్నేటరునో దాని బెల్టునో అనుమానించండి. రోహిణి ఎండల్లో ఇంజిను వేడెక్కితే చల్లారేదాకా రేడియేటరు మూత ముట్టుకోవద్దు. ప్యాడ్లు మార్చేటప్పుడు ఒక చక్రానికే కాదు, జతగా రెండు చక్రాలకూ మార్పించండి.

మీలో తెల్లవారుజామున ఆటోల్లో కూలి తల్లులను చేలకు తీసుకెళ్లేవారున్నారు. ఆ తల్లులు మీ బ్రేకులు ఎలా ఉన్నాయో అడగరు. మిమ్మల్ని నమ్మి ఎక్కుతారు. వారికి దేవుని యెదుట జవాబు చెప్పాల్సింది మీరే.

మా వరకు మేము ఒక తీర్మానం చేసుకున్నాం. ఇకమీదట సంఘం కారు మరమ్మతు కానుకలు మిగిలాక చూసే పని కాదు. మైకు సెట్టు కన్నా, పండుగ అలంకరణ కన్నా ముందు ఆ ఖర్చు రాస్తాం. ప్రయాణానికి ముందు ప్రార్థన మానం. దానికి ముందు బానెట్ ఎత్తి, చక్రాలు చూసి, ఆ తర్వాత తల వంచుతాం.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.