టాటా ఏస్ కొనాలా.. బొలెరో పికప్ తీసుకోవాలా? రేటు తగ్గిందని తొందరపడితే కిస్తీల దగ్గర ఇరుక్కుంటారు!

సరుకు రవాణా బండ్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇదే అమల్లో ఉంది. రేటు తగ్గింది కదా, చిన్న ట్రాలీ ఎందుకు.. ఇంకాస్త వేసుకుని పెద్ద పికప్పే తీసుకుందాం అనిపించడం సహజం. కానీ ఆ 'ఇంకాస్త' ఎంతో లెక్కేసుకున్నారా?

పన్ను లేకుండా 4 లక్షల బండి, 7 లక్షల బండి పక్కపక్కన పెట్టి చూద్దాం. చిన్నదానిపై మిగిలేది 40 వేలు, పెద్దదానిపై 70 వేలు. అంటే రెండింటి మధ్య తేడా తగ్గింది కేవలం 30 వేలు. ఇంకా మూడున్నర లక్షల తేడా అలాగే ఉంది. పైగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి ఈ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా ముందు నుంచీ వెనక్కి వస్తోంది. నిజంగా లాభపడింది రిజిస్ట్రేషన్ లేని ఓనర్ కమ్ డ్రైవర్లే.

కిస్తీ ఏం చెబుతోంది?

11 శాతం వడ్డీ, నాలుగేళ్ల గడువు అనుకుంటే 5 లక్షల లోన్‌కు నెలకు దాదాపు 12,900 రూపాయలు కట్టాలి. అదే 8 లక్షలైతే 20,700 దాకా వస్తుంది. నెలకు 26 రోజులు బండి తిరిగితే, పెద్ద బండి రోజుకు 300 రూపాయలు ఎక్కువ సంపాదించాలి. డీజిల్, టైర్లు, ఇన్సూరెన్స్ తేడా ఇందులో కలపలేదు. వానాకాలంలో కిరాయిలు లేని రోజులూ లెక్కలో లేవు. కిస్తీ మాత్రం ఆగదు.

2005లో వచ్చిన టాటా ఏస్‌ను జనం 'చోటా హాథీ' అని ఊరికే అనలేదు. పొడవు 3.8 మీటర్లే. బేగంబజార్ లాంటి సందుల్లో తిప్పాలన్నా, గల్లీ చివర కిరాణా కొట్టుకు సరుకు దించాలన్నా దీనికి తిరుగులేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఇంటింటికీ రేషన్ మొదలుపెట్టినప్పుడు సర్కారు తీసుకున్న బండ్లలో 6 వేలకు పైగా ఏస్ గోల్డ్‌లే. ఆ పథకం 2025 జూన్‌లో ఆగిపోయింది, అది వేరే కథ. అదే నెలలో ఏస్ ప్రో 3.99 లక్షల ప్రారంభ ధరతో మార్కెట్లోకి వచ్చింది. మోసే బరువు 750 కిలోలు.

చిక్కంతా ఈ 750 కిలోల దగ్గరే. సిమెంట్ బస్తాలైతే 15. టమాటా క్రేటు 25 కిలోలు అనుకుంటే 30 క్రేట్లు. మదనపల్లె మార్కెట్‌కు 60 క్రేట్లు తేవాల్సిన రైతుకు రెండు ట్రిప్పులు పడతాయి. లేదంటే మనవాళ్లు చేసే పని తెలిసిందే.. వెనుక కమాన్లకు అదనంగా పట్టీ వేయించి, టన్నున్నర ఎక్కించేస్తారు. పట్టీ వేస్తే బండి కుంగదేమో గానీ బ్రేకులు, ఇంజిన్ మారవు కదా! ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. దొరికితే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడ్‌కు 20 వేలు, ఆపై అదనపు టన్నుకు 2 వేల చొప్పున జరిమానా.

పెద్దది ఎవరికి గిట్టుబాటు?

బొలెరో మ్యాక్స్ పికప్ 2023లో 7.85 లక్షల నుంచి మొదలైంది. రకాన్ని బట్టి 1.3 టన్నుల నుంచి 2 టన్నుల దాకా మోస్తుంది. రోజూ టన్నుకు పైగా లోడ్ ఉండి, హైవే మీద దూరం వెళ్లేవాళ్లకు ఇదే సరైనది. ఒక్క ట్రిప్పులో పని అయిపోతే ఆ 300 ఒక లెక్కే కాదు. అదే వారానికి రెండు సార్లే పెద్ద లోడ్ ఉంటే? ఆ రెండు రోజులు బండి కిరాయికి మాట్లాడుకోవడమే చౌక.

చాలామంది చూడని పాయింట్ ఇంకోటి ఉంది. లోడ్‌తో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు. చట్టంలోని సెక్షన్ 66 ఈ మినహాయింపు ఇస్తోంది. ఏస్‌కు ఆ బెంగ లేదు. పికప్‌లలో కొన్ని రకాలు ఈ గీత లోపల, కొన్ని బయట ఉంటాయి. కాబట్టి అడ్వాన్స్ ఇచ్చే ముందే, సేల్స్‌మన్ మాట కాకుండా మోడల్ కాగితంలో 'జీవీడబ్ల్యూ' అంకె చూడాలి.

లైసెన్స్ విషయంలో మాత్రం రెండూ ఒకటే. మొత్తం బరువు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ లైసెన్స్‌తోనే నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చేసింది.

ఏ బండి తీసుకున్నా, బయట ఇనుప బాడీ కట్టిస్తే ఆ బరువు కూడా లోడ్ కిందికే వస్తుంది. 750 కిలోల బండికి 100 కిలోల బాడీ కడితే సరుకుకు మిగిలేది 650 కిలోలే.