మందు కొట్టాం... తర్వాత?

పత్తికి మందు కొడతాం. పురుగు చస్తుంది, ఒక్కోసారి చావదు. దుకాణంలో బాకీ మాత్రం మిగులుతుంది. మన లెక్క అంతవరకే. మరి ఆకుల మీద నుంచి నేలకు జారిన మందు ఏమైనట్టు?

అది నేలను బట్టి ఉంటుంది. కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో బంకమట్టి ఎక్కువ. క్లోరిపైరిఫాస్ లాంటి మందును గట్టిగా పట్టేసుకుంటుంది. అలా పట్టుబడిన మందు సూక్ష్మజీవులకు ఓ పట్టాన అందదు. అయితే రేగడిలోని క్షారగుణం దాన్ని కొంత విచ్ఛిన్నం చేస్తుంది. డోన్, రాయచోటి వైపు ఎర్రనేలల్లో బంక తక్కువ, సేంద్రియ పదార్థం మరీ తక్కువ. అందుకే నీళ్లలో ఇట్టే కలిసిపోయే మోనోక్రోటోఫాస్ లాంటివి పెద్ద వానొస్తే కిందికి దిగిపోతాయి. రేగడి మాత్రం తక్కువదా? ఎండాకాలం నెర్రెలు విచ్చిందంటే తొలకరి నీళ్లు, మట్టి, మందు అన్నీ ఆ దారినే లోపలికి పోతాయి.

అసలు సంగతి తేమ. మందును తినేసే సూక్ష్మజీవులకు నీరు కావాలి. ఫలానా మందు ఇన్ని రోజుల్లో సగమవుతుందని పుస్తకాల్లో రాసే లెక్కలు చాలావరకు ప్రయోగశాలలో, తడి మట్టిలో కట్టినవి. మన చేలేమో ఏడాదిలో సగానికి పైగా ఎండే ఉంటాయి. పైపొరలోది ఎండకు కొంత పోయినా, లోపలికి దిగింది వాన కోసం కాచుక్కూచుంటుంది, మన రైతులాగే.

కర్నూలోళ్ల బుడ్డలైనా, కడపోళ్ల చెనిక్కాయలైనా ఊరేది ఆ మట్టిలోనే. వేరుపురుగుకని విత్తనానికి పట్టించిన మందూ, పోయిన పంటకు కొట్టిందాంట్లో మిగిలిందీ అక్కడే ఉంటాయి. నూనెలో కరిగే మందుకు నూనెగింజ కంటే మంచి చోటేముంది?

నిషేధిస్తే పోతుందనుకోవద్దు. వ్యవసాయంలో డీడీటీని 1989లోనే ఆపేసినా, దశాబ్దాల తర్వాత కూడా దేశంలోని నేలల్లో దాని అవశేషాలు దొరికాయి. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. అది నేలలో ఎండోసల్ఫాన్ సల్ఫేట్‌గా మారుతుంది. ఈ పిల్ల తల్లి కంటే ఎక్కువకాలం బతుకుతుంది, విషంలోనూ తీసిపోదు.

దిబ్బెరువు వేసినా, గొర్రెల మంద కట్టించినా మట్టిలో జీవం పెరుగుతుంది, తేమ నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది. మందు విచ్ఛిన్నం కావడానికి అదే ఆసరా. కోతకు ముందు ఎన్నాళ్లు ఆగాలో డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. అది పంటకు చెప్పిన గడువు. మీ నేలకెంతో అందులో ఉండదు.